మొగ దగ్గర ఎర్ర మరక: ఉపగ్రహ చిత్రాల్లో మన సముద్రాన్ని చదవడం ఎలా

ఫోన్లో క్లోరోఫిల్ మ్యాపు తెరవగానే అందరి కళ్లూ ఎర్రగా ఉన్న చోటికే పోతాయి. ఎరుపంటే నాచు ఎక్కువ, నాచున్న చోట మేత ఉంటుంది, మేతున్న చోట చేప ఉంటుంది అని ఎక్కడో చదివి ఉంటారు. ఆ లెక్కన వరద రోజుల్లో గోదావరి మొగల దగ్గర, అంటే ఏరు కడలిలో కలిసే చోట, వల వేసినవాడికి బోటు పట్టనంత చేప పడాలి. మా మావయ్యగారికి ఆ మ్యాపు చూపిస్తే ఆయనకొచ్చిన అనుమానం కూడా ఇదే.

"ఏటమ్మాయ్, ఇక్కడంతా చేపేనా?"

"కాదు మావయ్యా, బురద. శాటిలైటు బురదని చూసి నాచనుకుంటోంది."

"ఆ మాత్రం దానికి అంత పైకెళ్లాలా? ఒడ్డున నన్నడిగితే చెప్పేవోణ్ణి కదా!"

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మెట్టినిల్లు అంతర్వేది పల్లిపాలెం, ఇంట్లో వాళ్లది చేపలవేట. కాలేజీలో పిల్లలూ, ఇంటికొస్తే బోటువాళ్లూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే: ఈ రంగుల బొమ్మను ఎంతవరకు నమ్మొచ్చు? దానికి జవాబుగా రాస్తున్నాను. ఏ చిత్రం కనబడినా మూడు సంగతులు కనుక్కోండి. ఇది ఏ పరికరం తీసింది? ఆ పరికరం నిజంగా కొలిచింది దేన్ని? దాన్ని మోసం చేసేది ఏమిటి? ఈ మూడింటికీ జవాబులు చాలావరకు 1978లో ఎగిరిన ఉపగ్రహాల దగ్గరే దొరుకుతాయి. ఇవాళ మన ఫోన్లోకొచ్చే బొమ్మలన్నీ వాటి సంతానమే.

ముందు ఆ పాత ఉపగ్రహాల సంగతి

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, 1978 జూన్ నెలాఖరులో, అమెరికా సీశాట్ అనే ఉపగ్రహాన్ని పంపింది. సముద్రం కోసమే తయారుచేసి, రాడార్లతో నింపి పంపడం అదే మొదలు. నీటిమట్టం ఎత్తు కొలిచే ఆల్టిమీటర్, గాలిని కొలిచే స్కాటరోమీటర్, మబ్బుల్లోంచి కూడా బొమ్మ తీసే సింథటిక్ అపెర్చర్ రాడార్, ఉష్ణోగ్రత కోసం మైక్రోవేవ్ రేడియోమీటర్, అన్నీ ఒకే బండిలో ఎక్కించారు. మూడు నెలల పైచిలుకు పనిచేసి అక్టోబర్ 10న మూగబోయింది. సోలార్ పలకల నుంచి కరెంటు తెచ్చే భాగంలో షార్ట్ సర్క్యూట్ అయిందని విచారణలో తేలింది. జలాంతర్గాముల జాడ కనిపిస్తోందని మిలటరీవాళ్లే ఆపేశారని ఒక పుకారు ఇప్పటికీ తిరుగుతుంటుంది. పిల్లలకు ఆ కథంటే మహా ఇష్టం, నాకు మాత్రం షార్ట్ సర్క్యూట్ మీదే నమ్మకం.

అది పోయిన రెండు వారాల్లోనే మరో రెండు ఎగిరాయి. అక్టోబర్ 13న టైరోస్-ఎన్, సముద్రం పైపొర వేడిని పరారుణ కిరణాలతో కొలిచేది. అక్టోబర్ 24న నింబస్-7, అందులో సముద్రపు రంగు చూసే మొదటి పరికరం సీజెడ్‌సీఎస్. ప్రయోగంగా పంపిన ఆ పరికరం 1986 దాకా పనిచేసింది. మన భాస్కర-1 కూడా ఆ కాలపుదే. 1979 జూన్ 7న సోవియట్ రాకెట్ మీద వెళ్లింది. దాని సమీర్ అనే మైక్రోవేవ్ రేడియోమీటర్ సముద్రం మీద ఆవిరిని, తేమను కొలిచేది. కోనసీమ అంతా దాని బొమ్మలో ఒక్క చుక్కలో (పిక్సెల్‌లో) ఇమిడిపోతుంది, అంత మొరటు చూపు. అయినా ఆ లెక్కలు కట్టడం అక్కడ నేర్చుకున్నవాళ్ల తరం నుంచే 1999లో ఓషన్‌శాట్-1, 2009లో ఓషన్‌శాట్-2, 2022 నవంబర్‌లో ఓషన్‌శాట్-3 వచ్చాయి.

రంగు: ఎక్కువ టైం పెట్టాల్సింది దీని మీదే

నాసావాళ్ల వరల్డ్‌వ్యూ సైటు తెరవండి. డబ్బు కట్టక్కర్లేదు, అకౌంటు కూడా అక్కర్లేదు. 16.3 ఉత్తర అక్షాంశం, 81.7 తూర్పు రేఖాంశం దగ్గరికి జూమ్ చేస్తే వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు కనబడుతుంది. కుడివైపు పైకి జరిగితే ఓడలరేవు దగ్గర వైనతేయ, ఇంకా పైకి పోతే యానాం దాటాక గౌతమి, ఆపైన కోరింగ మడ అడవులు, కాకినాడ ముందు కొక్కెంలా వంగిన హోప్ ఐలాండ్. తేదీ ఎంచుకునేటప్పుడు జూలై, ఆగస్టు జోలికి పోకండి, మబ్బు తప్ప ఏమీ కనబడదు. జనవరి నుంచి మార్చి దాకా ఆకాశం శుభ్రంగా ఉంటుంది. ఎర్రనీళ్లు చూడాలంటే సెప్టెంబర్, అక్టోబర్‌లలో మబ్బు విడిచిన రోజు కోసం ఒక్కో తేదీ జరుపుతూ ఓపిగ్గా వెతుక్కోవాలి.

ఇప్పుడు రెండు పొరలు పెట్టండి. ఒకటి మామూలు కంటికి కనిపించే రంగు, దాని పేరు కరెక్టెడ్ రిఫ్లెక్టెన్స్ అని ఉంటుంది. రెండోది క్లోరోఫిల్. పైపొర పక్కనున్న కన్ను గుర్తు నొక్కుతూ, తీస్తూ ఒకే చోటును రెండు రకాలుగా చూడండి. మొదటి దాంట్లో మట్టిరంగు ఉండి, రెండో దాంట్లో ఎరుపు ఉంటే ఆ ఎరుపును నమ్మొద్దు. మట్టిరంగు అంచు దాటి, మామూలు చిత్రంలో నీరు పచ్చబారిన చోట క్లోరోఫిల్ ఎక్కువ చూపిస్తే దాన్ని పట్టించుకోవచ్చు. ఏరు తెచ్చిన ఎరువు అక్కడికి అందుతుంది, బురద కాస్త దిగిపోయి ఎండ నీళ్లలోకి దిగుతుంది. నాచుకు కావలసినవి ఆ రెండే.

ఎందుకు మోసపోతుందో తెలుసుకుంటే ఇక మర్చిపోరు. నాచులోని క్లోరోఫిల్ 443 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగును మింగేస్తుంది, 550 దగ్గరి ఆకుపచ్చను వదిలేస్తుంది. కాబట్టి నీలం తగ్గి ఆకుపచ్చ మిగిలితే నాచు ఉన్నట్టు. ఇంతవరకు తేలికే. చిక్కంతా గాలితో. పైనున్న పరికరానికి చేరే నీలి వెలుగులో దాదాపు 90 శాతం గాలి నుంచి, అందులోని దుమ్ము, ఆవిరి నుంచి చెదిరి వచ్చిందే. సముద్రం నుంచి వచ్చేది ఆ మిగిలిన కొంచెమే. గాలి వాటాను తీసేయడానికి సీజెడ్‌సీఎస్ లెక్కల్లో ఒక ఊహ పెట్టుకున్నారు: 670 నానోమీటర్ల ఎరుపులో సముద్రం నల్లగా ఉంటుంది, అక్కడ ఏ వెలుగు కనబడినా అది గాలిదే. నడిసముద్రంలో ఈ ఊహ నిలుస్తుంది. మన మొగ దగ్గర నిలవదు. గోదావరి మట్టి ఎరుపును బాగా వెనక్కి కొడుతుంది. లెక్క కట్టే పద్ధతి ఆ ఎరుపంతా గాలి దుమ్మే అనుకుని, నీలంలోంచి తీసేయాల్సిన దానికంటే ఎక్కువ తీసేస్తుంది. నీలం తగ్గిపోయింది కాబట్టి నాచు విపరీతంగా ఉందని తేలుస్తుంది. దానికి తోడు కోరింగ మడ ఆకులు కుళ్లి నీళ్లలో దిగే పసుపు రసం కూడా నీలాన్నే మింగుతుంది.

ఈ తేడాను ఆండ్రే మోరెల్, లూయీ ప్రియర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1977లోనే రాసిపెట్టారు. నాచు ఒక్కటే రంగును నిర్ణయించే నీళ్లు ఒకటో రకం, మట్టి, ఆకురసం కలిసి గజిబిజి చేసే నీళ్లు రెండో రకం. మనది అచ్చంగా రెండో రకం. తర్వాత వచ్చిన సీవిఫ్స్, మోడిస్, మన ఓషన్‌శాట్ పరికరాలు ఎరుపు దాటి కంటికి కనిపించని పరారుణంలో గాలిని కొలుస్తాయి. అందువల్ల మోసం తగ్గింది. చిక్కటి వరదనీటికి పరారుణం కూడా వెనక్కి తిరుగుతుంది, కాబట్టి పూర్తిగా పోలేదు.

మ్యాపు పక్కనున్న రంగుల పట్టీని కూడా చూడండి. 0.1 నుంచి 1కి ఎంత దూరమో, 1 నుంచి 10కి అంతే దూరం ఉంటుంది, అది లాగ్ స్కేలు. పసుపు నుంచి ఎరుపుకు మారిందంటే కొంచెం పెరిగిందని అర్థం కాదు, కొన్ని రెట్లు పెరిగిందని.

పిల్లల చేత చేయించదగ్గ పని ఒకటుంది. 30 సెంటీమీటర్ల పళ్లానికి తెల్ల పెయింటు వేసి, అడుగున బరువు కట్టి, తాడుకు అర మీటరుకో ముడి వేయండి. దీన్ని సెక్కీ పళ్లెం అంటారు, నీరు ఎంత తేటగా ఉందో చెబుతుంది. ఇటలీలో సెక్కీ అనే ఆయన 1865లో ఓడ మీద నుంచి ఇలాగే తెల్ల పళ్లాలు దింపి చూశాడు. పదింటికీ రెండింటికీ మధ్య, బోటు నీడ పడే వైపు నుంచి దింపి, పళ్లెం కనబడకుండా పోయిన లోతు రాసుకోండి. తేదీ, టైము, ఫోన్లో జీపీఎస్ అంకెలు పక్కనే రాయండి. తర్వాత అదే రోజు ఉపగ్రహ చిత్రం తీసి పక్కన పెట్టుకోండి. వరదలో మొగ దగ్గర చెయ్యి ముంచితే మోచెయ్యి కనపడదు, పళ్లెం సంగతి చెప్పక్కర్లేదు. ఆ నీళ్లలోకి పిల్లల్ని తీసుకెళ్లకండి, నీరు తేరిన రోజుల్లో తెలిసిన బోటువాళ్లతోనే వెళ్లండి. అంతర్వేదిలో అయితే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఏటి రంగు, కడలి రంగు విడివిడిగా ఒడ్డు నుంచే కనబడతాయి. ఆ గీతను మోడిస్ క్లోరోఫిల్ మ్యాపులో వెతక్కండి. అందులో ఒక్క చుక్క కిలోమీటరు.

సీజెడ్‌సీఎస్ పాత చిత్రాలు కూడా నాసా ఓషన్ కలర్ సైటులో దొరుకుతాయి. చాలామంది మా దగ్గర 1986 ఆగస్టు వరద చిత్రం ఉందా అని అడుగుతారు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది, ఇప్పటికీ మా పెద్దవాళ్లు సంవత్సరాలు దాంతోనే లెక్కేస్తారు. సీజెడ్‌సీఎస్ చివరి చిత్రాలు ఆ ఏడు జూన్‌వి. రెండు నెలల తేడాలో తప్పిపోయింది.

వేడి, చేపల కబురు

ఉష్ణోగ్రత మ్యాపుకు పెద్ద తిప్పలేమీ లేదు. పరారుణం కొలిచేది నీటి పైపొరను, అదీ వెంట్రుక కంటే పల్చటి పొరను. మబ్బుంటే కొలిచేది మబ్బు నెత్తినే. వేడినీరూ చల్లనీరూ ఆనుకునే గీత ఎక్కడుందో చూడండి, అంకె ఎంతని చూడకండి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఈ గీతలనూ క్లోరోఫిల్‌నూ కలిపి చూసే చేప ఎక్కడ దొరకొచ్చో చెప్పే కబురు పంపిస్తుంది. అందులో మీ రేవు పేరు, దిక్కు, డిగ్రీలు, కిలోమీటర్లలో దూరం, మీటర్లలో లోతు, అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. మా ఇంట్లో నేను చేసే పని మీటర్లను బారల్లోకి మార్చి చెప్పడమే. మీటర్లను 1.83తో భాగించండి, 40 మీటర్లంటే 22 బారలు. ఆ మాట వింటే బోటువాళ్లకు అడుగున ఇసకో, బురదో కూడా గుర్తొచ్చేస్తుంది. మబ్బు పట్టిన రోజుల్లోనూ, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలోనూ కబురు రాదు. రాకపోతే చేప లేదని కాదు.

రాడారు: మబ్బు పట్టినప్పుడు పనికొచ్చేది

సీశాట్ రాడారు వాడిన తరంగం 23 సెంటీమీటర్లు, బొమ్మలో ఒక్క చుక్క 25 మీటర్లు. ఆ బొమ్మల్లో నీటి లోపల పుట్టే అలలు పైకి గీతలుగా కనబడేసరికి అంతా నోరెళ్లబెట్టారు. అందులో మన గోదావరి మొగ ఉందేమోనని వెతికి అలసిపోకండి. ఆ రాడారు సమాచారం దాచుకోవడానికి ఉపగ్రహంలో రికార్డరు లేదు. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలోని స్టేషన్ల కనుచూపు మేరలో ఉన్నప్పుడు మాత్రమే కిందికి పంపేది. మొత్తం కలిపితే 42 గంటల చిత్రాలు.

మనకు పనికొచ్చేది దాని మనవడు, యూరప్‌వాళ్ల సెంటినెల్-1. కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచిత అకౌంటు తెరిచి, సెంటినెల్-1లో వీవీ అనే రకాన్ని ఎంచుకోండి. చదివే పద్ధతి ఇది: కదలని నీరు అద్దంలా రాడారు కిరణాన్ని అవతలికి తోసేస్తుంది, కాబట్టి నల్లగా కనబడుతుంది. చిన్నచిన్న అలలుంటే బూడిదరంగు. ఇనుము తెల్లటి చుక్క, అందుకే సముద్రంలో ఉన్న గ్యాసు ప్లాట్‌ఫారాలు, మరపడవలు మెరుస్తాయి. రొయ్యల చెరువులు నల్లటి పలకలు, వాటి గట్లు సన్నటి తెల్ల గీతలు.

2022 జూలై వరద లాంటిది వచ్చినప్పుడు, లంకలు ఎంతమేర మునిగాయో చూడాలంటే ఇదే దారి. వరదకు ముందు తేదీది ఒకటి, వరదప్పటిది ఒకటి పక్కపక్కన పెట్టండి. కొత్తగా నల్లబడింది మునిగిన పొలం. కొబ్బరి తోట దగ్గర మాత్రం జాగ్రత్త. ఈ ఉపగ్రహానిది 5.6 సెంటీమీటర్ల తరంగం, ఆకుల మట్టలోనే ఆగిపోతుంది. తోట అడుగున నడుంలోతు నీళ్లున్నా బొమ్మలో పొడిగానే ఉండొచ్చు. సీశాట్ పొడుగు తరంగమైతే ఆకుల సందుల్లోంచి దిగేది. కోనసీమ మ్యాపు ఎవరైనా గీసి మునిగిన ఎకరాలు చెబితే, కొబ్బరి తోటల్ని ఎలా లెక్కేశారో అడగండి.

సముద్రం మీద నల్లటి మరక కనబడగానే చమురు కారిందని వాట్సాప్‌లో పెట్టేయకండి. గాలి ఆగిన చోటు కూడా అచ్చం అలాగే ఉంటుంది. ఆ రోజు గాలి ఎంతుందో చూసి మాట్లాడాలి.

గాలి

ఫోన్లో కదిలే గీతలతో గాలి చూపించే యాప్‌లు, విండీ లాంటివి, కంప్యూటర్ అంచనాలు. కొలత వేరు. కొలిచేది స్కాటరోమీటర్. గాలి లేపే సన్నటి అలల నుంచి రాడారు ఎంత వెనక్కి వస్తుందో చూసి వేగం, దిశ లెక్కగడుతుంది. సీశాట్ వాడిన కేయూ బ్యాండునే, అంటే రెండు సెంటీమీటర్ల పొట్టి రాడారు తరంగాన్నే, మన ఓషన్‌శాట్-2, 2016 నాటి స్కాట్‌శాట్-1, ఓషన్‌శాట్-3 కూడా వాడాయి. సీశాట్ రోజుల్లో ఒక్కో చోట గాలి దిశకు నాలుగు జవాబులదాకా వచ్చేవి, అందులో ఏది నిజమో మనుషులు కూర్చుని ఏరేవాళ్లు.

చదివేటప్పుడు రెండు గుర్తుంచుకోండి. ఒక్కో బాణం 25 కిలోమీటర్లో, 50 కిలోమీటర్లో ఉన్న గడి మొత్తానికి సగటు. 1996 నవంబర్ 6న కోనసీమను పడగొట్టిన లాంటి తుపానులో అసలు భయంకరమైన గాలి ఒకటి రెండు గడుల్లోనే ఉంటుంది, సగటు దాన్ని తగ్గించేస్తుంది. పైగా కేయూ బ్యాండుకు జోరువాన పడదు. తుపాను నడిబొడ్డులో బాణాలు గందరగోళంగా ఉంటే అది వాన చేసిన పని కావచ్చు. తీరానికి ఆనుకుని ఖాళీ ఉంటే, గడిలో నేల తగిలిందని వదిలేశారని అర్థం. వేటకు వెళ్లాలా వద్దా అన్నది ఈ బొమ్మ చూసి తేల్చేది కాదు, దానికి వాతావరణ శాఖ హెచ్చరికలున్నాయి.

ఎత్తు: ఫోనుతో చేసి చూడండి

ఆల్టిమీటర్ చేసే పని సూటిగా కిందికి రాడారు తట్టి, తిరిగొచ్చే సమయం కొలవడం. సీశాట్ ఎత్తు 800 కిలోమీటర్లు, కొలతలో తేడా కొన్ని సెంటీమీటర్లే. అయితే ఉపగ్రహం సరిగ్గా ఎక్కడుందో తెలియడం అంతకంటే కష్టమైంది, అక్కడ పోయేది ఎక్కువ. ఆ లోపాన్ని 1992లో అమెరికా, ఫ్రాన్స్ కలిసి పంపిన టోపెక్స్/పోసైడాన్ సరిచేసింది.

సీశాట్ నుంచి తేలిన గొప్ప సంగతి: సముద్రం పైభాగం సమంగా లేదు. అడుగున కొండలుంటే వాటి ఆకర్షణకు నీరు పోగై పైన ఉబ్బుతుంది. ఆ ఉబ్బులూ పల్లాలూ పట్టుకుని విలియం హాక్స్‌బీ అనే ఆయన 1980లలో సముద్రాల గురుత్వాకర్షణ మ్యాపు గీశాడు, ఓడ ఎన్నడూ వెళ్లని చోట్ల కూడా సముద్రగర్భం ఆకారం అందులో బయటపడింది. ఇలా నీటి పైమట్టంలో పడిన పల్లాల్లో భూమి మీద అన్నిటికంటే లోతైనది మనకు దగ్గరే, శ్రీలంకకు దక్షిణంగా ఉంది. లెక్కకు వాడే నున్నటి గోళం కంటే అక్కడ నీటిమట్టం సుమారు 100 మీటర్లు కిందికి ఉంటుంది. బోటు అటు జారిపోదు, ఎందుకంటే కింద అనేది కూడా ఆకర్షణ చెప్పిన దిక్కే.

ఇది మన బీచిలో నిలబడి చూడొచ్చు. జీపీఎస్ ఎత్తును దిద్దకుండా ఉన్నదున్నట్టు చూపించే యాప్ ఒకటి వేసుకోండి. సెట్టింగుల్లో ఎలిప్సాయిడ్ ఎత్తు అని ఉంటుంది, ఎలిప్సాయిడ్ అంటే ఇందాకటి నున్నటి గోళమే. ఒడ్డున నీళ్ల పక్కన నిలబడి ఐదు నిమిషాలు ఆగితే, సున్నాకు 70 మీటర్ల పైచిలుకు కిందికి చూపిస్తుంది. అంకె కొన్ని మీటర్లు అటూ ఇటూ ఊగుతుంది, ఫోను పాడైందని టెన్షన్ పడకండి. అదే యాప్‌లో సముద్రమట్టం నుంచి ఎత్తు అని మారిస్తే సున్నా దగ్గరికి వచ్చేస్తుంది. మా క్లాసులో అందరికంటే అల్లరి పిల్లలు కూడా ఇక్కడ నోరు మూసుకుని చూస్తారు.

ఆల్టిమీటర్ మ్యాపుతో మన తీరం కోత లెక్కేయొద్దు. ఒడ్డుకు పది పదిహేను కిలోమీటర్ల లోపు రాడారులో నేల కలిసిపోయి కొలత చెడుతుంది. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన సరళ్ కొంచెం దగ్గరికి రాగలిగింది, అంతే. కోత చూడాలంటే గూగుల్ ఎర్త్ టైమ్‌ల్యాప్స్‌లో 1984 నుంచి తీరం జరగడం చూసి ఒక అంచనాకు రండి. అది ఏడాది చిత్రాలన్నీ కలిపి చేసిన బొమ్మ, అందులో పోటు, పాటు కలగలిసిపోతాయి. కాబట్టి కొలవాలనుకుంటే సెంటినెల్-2 విడి చిత్రాలు రెండు తీసుకోండి, చుక్క 10 మీటర్లు. రెండూ ఒకే నెలవి, ఒకే తిథికి దగ్గరవి అయ్యుండాలి. ఆ తర్వాత కాకినాడ పోటుపాట్ల పట్టిక తీసి, ఉపగ్రహం దాటిన గంటకు నీరు రెండుసార్లూ ఒకే ఎత్తులో ఉందో లేదో సరిచూడండి. అమావాస్య పాటుకు తీసిన బొమ్మనూ అష్టమి పోటుకు తీసిన బొమ్మనూ పక్కన పెడితే, మన చదునైన ఇసక తీరంలో ఒక్క రేణువు కదలకుండానే ఒడ్డు పదుల మీటర్లు వెనక్కి పోయినట్టు కనిపిస్తుంది.